1994 మారుతి 800: వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది, చోక్ సగం లాగితేనే నిలబడుతోంది

పాత800_బెజవాడ:

బండి 1994 మారుతి 800, ఏసీ ఉన్నది. కార్బొరేటర్ (కార్బ్, గాలిలో పెట్రోల్ కలిపేది), పాయింట్లున్న (కాయిల్ కరెంటు కలిపి తెంచే కాంటాక్టులు) డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా స్పార్క్ పంచేది), చేత్తో లాగే చోక్. గ్యాస్ కిట్ ఎప్పుడూ పెట్టలేదు. రెండేళ్లు షెడ్డులో ఉండి మూడు నెలల కిందటే మళ్లీ రోడ్డెక్కింది.

పొద్దున చోక్ పూర్తిగా లాగి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. 15 నిమిషాలు నడిచి టెంపరేచర్ ముల్లు నడిమికొచ్చి, చోక్ లోపలికి నెట్టేశాక అసలు బాధ మొదలు. సిగ్నల్ దగ్గర కాలు తీస్తే ఆర్‌పీఎం మెల్లగా దిగుతూ, రెండు మూడు సార్లు ఊగి ఆగిపోతుంది. ఏసీ వేసి ఉంటే ఊగడం కూడా ఉండదు, ఒక్కసారే ఆగుతుంది. మళ్లీ స్టార్ట్ చేయాలంటే యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. 40 దాటిన స్పీడులో మాత్రం ఏ ఇబ్బందీ లేదు, పికప్ బాగానే ఉంది. ఇంకొక సంగతి: వేడి మీద ఉన్నప్పుడు కూడా చోక్ సగం లాగి ఉంచితే ఆగకుండా నిలబడుతుంది.

ఇప్పటిదాకా చేయించినవి: కార్బ్ విప్పి కడిగించి కిట్ వేయించడం (ప్యాకింగులు, నీడిల్ వాల్వ్, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ అనే రబ్బరు పొర), కొత్త ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్. ఐడ్లింగ్ (కాలు తీసినప్పటి వేగం) స్క్రూ బాగా బిగించి ఆర్‌పీఎం పెంచి ఇచ్చారు. అయినా ఆగుతోంది. ఐడ్లింగ్‌లో పెట్రోల్ పాలు మార్చే మిక్చర్ స్క్రూ ఎటు తిప్పినా ఇంజన్‌లో మార్పు లేదు. ఇప్పుడు కొత్త కార్బ్ వేయాలంటున్నారు. వేయించే ముందు ఏమేం చూసుకోవాలో తెలిసినవారు చెప్పండి.

---

కాయిల్_కండెన్సర్:

కార్బ్ జోలికి మళ్లీ వెళ్లే ముందు కాయిల్ (బ్యాటరీ కరెంటుని స్పార్క్‌కి చాలినంత వోల్టేజీకి పెంచేది) చూడండి. వేడెక్కాక ఆగి చల్లారాక మామూలుగా నడిచే బళ్లలో కొన్నింటికి తప్పు కాయిల్‌లోనే ఉంటుంది. లోపలి చుట్ల ఇన్సులేషన్ పాడైతే చల్లగా ఉన్నప్పుడు తెలియదు, వేడికి వైరు సాగి చుట్టుకు చుట్టు తగులుతుంది, స్పార్క్ బలం పడిపోతుంది.

చూసే పద్ధతి: బండి ఆగిన మరుక్షణమే, చల్లారనివ్వకుండా, ఒక ప్లగ్ వైరు తీసి దానికి విడి ప్లగ్ తొడిగి, ప్లగ్ లోహపు ఒంటిని ఇంజన్‌కు గట్టిగా ఆనించి ఎవరితోనైనా సెల్ఫ్ కొట్టించండి. నీలంగా, లావుగా, టపటపమని చప్పుడు వినిపించేలా పడితే స్పార్క్ మంచిదే. సన్నగా, పసుపు-నారింజ రంగులో, ఆగి ఆగి పడితే కాయిల్ లేదా కండెన్సర్. ప్లగ్‌ని చేత్తో పట్టుకోవద్దు, ఇన్సులేషన్ ఉన్న పటకారు వాడండి. చుట్టుపక్కల పెట్రోల్ చెమ్మ లేకుండా చూసుకోండి.

మీటర్ ఉంటే కాయిల్ ప్రైమరీ చుట్ట రెసిస్టెన్స్ కొలవండి. మామూలు 12 వోల్టుల కాయిల్‌కి 3 ఓమ్‌ల చుట్టుపక్కల, బలాస్ట్ రెసిస్టర్‌తో వాడే రకానికి 1.5 దగ్గర చూపాలి. చల్లగా ఒకసారి, ఆగిన వెంటనే ఒకసారి కొలిచి రెండూ పోల్చండి. ఒక్క కొలత మీద నిర్ణయానికి రావద్దు.

డిస్ట్రిబ్యూటర్ మూత కూడా తీసి ఎండలో తిప్పి తిప్పి చూడండి. ఒక వైరు గూటి నుంచి ఇంకో గూటికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత కనిపిస్తే అది కార్బన్ దారి. స్పార్క్ ప్లగ్‌కి పోకుండా ఆ గీత వెంట పారిపోతుంది. గీకినా పోదు, మూత మార్చాల్సిందే. కొత్త పాయింట్ల గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకులు) చూడండి. పాయింట్లని తెరిచే కామ్ మీద రవ్వంత గ్రీజు లేకపోతే పాయింట్ల మడమ కొన్నాళ్లకే అరిగి గ్యాప్ మూసుకుపోతుంది.

---

గోదారి_మెకానిక్:

పైన చెప్పిన స్పార్క్ పరీక్ష చేయండి, అయిదు నిమిషాల పని. కానీ ఈ బండికి కాయిల్ కారణం కాదని అడిగినవారి మాటల్లోనే ఉంది: చోక్ సగం లాగితే నిలబడుతోంది. కాయిల్‌కి చోక్ సంగతి తెలియదు. చోక్ చేసే ముఖ్యమైన పని, పైనుంచి వచ్చే గాలికి అడ్డుపడి పెట్రోల్ పాలు పెంచడం. పాలు పెంచగానే బండి కుదుటపడిందంటే అప్పటిదాకా ఐడ్లింగ్‌లో పెట్రోల్ చాలట్లేదు, లీన్‌గా నడుస్తోంది అని అర్థం. పొద్దున బాగుండడానికీ కారణం ఇదే, అప్పుడు చోక్ లాగి ఉంటుంది కాబట్టి లోపం కప్పబడిపోతోంది. కాబట్టి వేడి అసలు కారణం కాదు. చోక్ లోపలికి నెట్టే వేళ, ఇంజన్ వేడెక్కే వేళ ఒకటే కావడంతో అలా అనిపిస్తోంది.

40 మీద బాగుందంటే కార్బ్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెలోకి పెట్రోల్ వస్తోంది, పంపు, స్పీడులో పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ పనిచేస్తున్నాయి. మిగిలింది ఐడ్లింగ్ దారి. అందులో లీన్ కావడానికి రెండే మార్గాలు. పెట్రోల్ తక్కువ రావడం, లేదా కార్బ్ కింద ఎక్కడినుంచో దొంగగాలి దూరడం. ఏదో తేల్చకుండా కొత్త కార్బ్ వేస్తే, దొంగగాలి అయిన పక్షంలో కొత్త కార్బ్ కూడా ఇలాగే ఆగుతుంది.

ముందు ఐడ్లింగ్ స్క్రూ సంగతి చెప్పాలి, ఎందుకంటే అది మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోంది. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ పళ్లెం దాదాపు మూసి ఉన్నప్పుడే మిక్చర్ స్క్రూ కింది రంధ్రం నుంచి పెట్రోల్ వస్తుంది. దానికి కొంచెం పైన, పళ్లెం అంచుకు దగ్గరగా, కాలు ఆనించగానే తెరుచుకునే చిన్న రంధ్రాలు ఇంకొన్ని ఉంటాయి. ఐడ్లింగ్ స్క్రూ బిగించేసరికి పళ్లెం లేచి ఆ రంధ్రాలు బయటపడతాయి. అప్పుడు ఇంజన్ వాటి మీదే బతుకుతుంది, మిక్చర్ స్క్రూ ఎటు తిప్పినా పలకదు. మీ స్క్రూ పలకకపోవడానికి ఒక కారణం ఇదే అయి ఉండొచ్చు. కాబట్టి ఐడ్లింగ్ స్క్రూ మొత్తం వదులు చేసి, థ్రాటిల్‌ని తిప్పే లింకేజీకి ఆనిన దగ్గర నుంచి ఒకటిన్నర చుట్టు మాత్రమే బిగించండి. మిక్చర్ స్క్రూ మెల్లగా లోపలికి తిప్పి, మొన ఆనగానే ఆపి (బిగిస్తే మొన మీద గాడి పడి స్క్రూ పాడవుతుంది), రెండున్నర చుట్లు బయటికి తీయండి. పరీక్షలన్నీ అక్కడి నుంచి మొదలుపెట్టండి. బండి నిలబడకపోతే చోక్ సగం లాగి నిలబెట్టండి.

తర్వాత సాలినాయిడ్. కార్బ్ ఒంటికి ఒక వైరుతో వేలాడే ఇత్తడి రంగు బుడ్డి లాంటిది ఉంటుంది, కీ ఆన్ చేయగానే లోపలి పిన్ను వెనక్కి లాగి ఐడ్లింగ్ పెట్రోల్ దారి తెరుస్తుంది. కీ ఆన్‌లో ఉంచి ఇంజన్ నడపకుండా దాని వైరు పీకి మళ్లీ ఆనించండి. ఆనించిన ప్రతిసారీ టిక్కుమనాలి, వేలు పెడితే ఆ దెబ్బ వేలికి తెలియాలి. టిక్కు లేకపోతే వైరులో 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. వోల్టులు ఉండి టిక్కు లేకపోతే సాలినాయిడ్ పోయింది. ఈ పరీక్ష చల్లగా ఉన్నప్పుడు చేసి ఊరుకోవద్దు, ఆగిన వెంటనే వేడి మీద చేయాలి. కొందరు ఇది పాడైతే పిన్ను విరిచేసి ఖాళీ బుడ్డి బిగిస్తారు. బండి నడుస్తుంది, కానీ కీ తీసేశాక కూడా ఇంజన్ గడగడమని కొట్టుకుంటూ ఉంటుంది. అది బేరింగులకి మంచిది కాదు, అలా చేయించుకోవద్దు.

సాలినాయిడ్ మంచిదైతే స్లో జెట్, అంటే ఐడ్లింగ్ పెట్రోల్ పోయే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క. రెండేళ్లు నిలిచిన బండిలో మొదట మూసుకునేది ఇదే. కిట్ వేసినప్పుడు కడిగి ఉంటారు, కానీ కడగడం వేరు, తెరుచుకోవడం వేరు. జెట్ తీసి ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూడండి. రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. బాగున్న జెట్‌లో గుండ్రటి, అంచులు పదునుగా ఉన్న వెలుగు చుక్క కనిపిస్తుంది. ఎండిన పెట్రోల్ బంక పట్టినదైతే ఆ చుక్క ఒక పక్క కొరికినట్టుగా, లేదా తేనె రంగులో మసకగా ఉంటుంది. మసకగా ఉన్నదాంట్లోంచి కూడా గాలి ఊదితే పోతుంది, అందుకే ఊది చూసి బాగుందనుకుంటారు. కార్బ్ క్లీనర్‌లో ఒక రాత్రి నానబెట్టి, పళ్ల బ్రష్షు నైలాన్ పోగు దూర్చి తీయండి. ఇనప తీగ, సూది, గుండుపిన్ను దూర్చొద్దు. ఇత్తడి మెత్తన, ఒక్క గీత పడినా జెట్ కొలత మారిపోతుంది.

ఫ్లోట్ గిన్నెకున్న గాజు కిటికీలో మట్టం చూడండి. బండి సమతలం మీద ఉండి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు పెట్రోల్ గాజు మీది గుర్తు దగ్గర ఉండాలి. గాజు పసుపెక్కి కనిపించకపోతే టార్చి వేసి బండిని చేత్తో ఊపండి, లోపల మట్టం ఊగడం తెలుస్తుంది. మట్టం తక్కువున్నా లీనే.

ఈ మూడూ బాగున్నాయంటే దొంగగాలే. ఫలితాలు రాయండి.

---

లేత్_పని:

దొంగగాలి పట్టుకోవడం గురించి నేను చెబుతాను. ఇంజన్ చోక్ మీద నిలబెట్టి, మానిఫోల్డ్ (కార్బ్ నుంచి ఇంజన్‌లోకి పోయే గొట్టం) నుంచి పోయే రబ్బరు పైపులు ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డ చుట్టి పటకారుతో నొక్కండి. డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ పైపు, పీసీవీ (ఇంజన్ లోపలి ఆవిరి తిరిగి లాగే) పైపు, బ్రేకు బూస్టర్ ఉంటే దానిది, ఏసీ ఐడిల్ అప్ (ఏసీ వేసినప్పుడు ఆర్‌పీఎం నిలబెట్టే) పైపు. ఏది నొక్కితే ఇంజన్ కుదుటపడుతుందో లీకు ఆ పైపులో లేదా దాని అవతల ఉంది.

పైపులన్నీ బాగుంటే థ్రాటిల్ షాఫ్ట్. రెండు చివర్లూ కార్బ్ ఒంట్లోకి దూరే చోట నూనె డబ్బాతో ఒక్కో చుక్క ఇంజన్ ఆయిల్ వేయండి. నూనె లోపలికి లాక్కుపోయి ఇంజన్ చప్పుడు మారితే షాఫ్ట్ రంధ్రం అరిగింది. చేత్తో పైకీ కిందికీ కదిపినా ఆట తెలుస్తుంది. లక్ష కిలోమీటర్లు దాటిన కార్బ్‌లో కొంచెం ఆట మామూలే, నూనె వేసినప్పుడు మార్పు ఉంటేనే పట్టించుకోండి. అరిగితే రంధ్రం పెద్దది చేసి ఇత్తడి బుష్ కొట్టాలి. ఆ పని అందరూ చేయరు. ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు గానీ కార్బ్ పని తెలిసిన లేత్ వాళ్లని అడగాలి.

నా అనుమానం మాత్రం వీటి మీద కాదు, కార్బ్ కింది బేకలైట్ (వేడి తట్టుకునే గట్టి ప్లాస్టిక్) దిమ్మ దగ్గర. ఇంజన్ వేడి కార్బ్‌కి పాకకుండా మధ్యలో వేసే దిమ్మ అది, పైనా కిందా ఒక్కో ప్యాకింగ్ ఉంటుంది. ఈ బండికి ఇటీవలే కార్బ్ విప్పి బిగించారు. బిగించేటప్పుడు నట్లు బలంగా లాగితే కార్బ్ అడుగున నట్లు పట్టే అల్యూమినియం చెవులు కిందికి వంగుతాయి, నడుమ సన్నటి ఖాళీ మిగులుతుంది. ఒకసారి వంగినదాన్ని ఎంత బిగించినా ఖాళీ పోదు, ఇంకా పెరుగుతుంది.

పరీక్షకి పెట్రోల్ గానీ క్లీనర్ గానీ కొట్టొద్దు, వేడి ఎగ్జాస్ట్ పక్కనే ఉంటుంది, మంట లేస్తుంది. బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే నీళ్ల స్ప్రే చాలు. డిస్ట్రిబ్యూటర్‌కి పాలిథిన్ కవర్ కట్టి, కార్బ్ అడుగు చుట్టూ వేలెడు వేలెడు జరుపుతూ పొగమంచులా కొట్టండి. లీకున్న చోట నీళ్లు లోపలికి పోయి ఇంజన్ ఒక్క క్షణం తడబడుతుంది. లేదా నీళ్లు ఖాళీని మూసి చప్పుడు మారుతుంది. రెండింటిలో ఏది జరిగినా చోటు దొరికినట్టే.

---

పాత800_బెజవాడ:

చెప్పినవన్నీ ఇవాళ వరసగా చూశాను. ఫలితాలు:

వేడి మీద ఆగిన వెంటనే స్పార్క్ నీలంగా, లావుగా పడింది. కాయిల్ ప్రైమరీ చల్లగా 3.1, వేడిగా 3.4 ఓమ్‌లు. మూతలో గీతలు లేవు. పాయింట్ల గ్యాప్ 0.45.

సాలినాయిడ్ వేడి మీద కూడా టిక్కుమంటోంది. గాజులో మట్టం గుర్తు దగ్గరే ఉంది. స్లో జెట్‌లో వెలుగు చుక్క ఒక పక్క మసకగా ఉంది, నానబెట్టాను.

ఐడ్లింగ్ స్క్రూ దాదాపు నాలుగు చుట్లు బిగించి ఉంది. ఒకటిన్నరకి తగ్గిస్తే చోక్ లేకుండా అసలు నిలబడట్లేదు.

పైపులు నొక్కితే మార్పు లేదు. షాఫ్ట్ దగ్గర నూనె వేసినా మార్పు లేదు. నీళ్ల స్ప్రే మాత్రం పట్టింది: కార్బ్ అడుగున, రెండు నట్ల మధ్య, ఇంజన్ గోడ వైపు కొట్టినప్పుడల్లా ఇంజన్ గుటక వేసినట్టు తడబడుతోంది. మూడు సార్లు కొట్టాను, మూడు సార్లూ అక్కడే.

తర్వాత ఏం చేయాలి? కొత్త ప్యాకింగ్ వేస్తే సరిపోతుందా, లేక ఆర్‌టీవీ (సిలికాన్) గమ్ము రాయమంటారా?

---

లేత్_పని:

గమ్ము వద్దు. పెట్రోల్ తగిలే చోట మామూలు సిలికాన్ గమ్ము ఉబ్బి ముక్కలవుతుంది, ఆ ముక్కలు లోపలి దారుల్లోకి పోతాయి. ప్యాకింగ్ రెండు పొరలు వేయడం కూడా వద్దు. మెత్తదనం పెరిగి చెవులు ఇంకా వంగుతాయి.

కార్బ్ దించి అడుగు భాగం విడదీయండి. ఫోటోలు తీసుకుంటూ విప్పండి, మిక్చర్ స్క్రూ ఎన్ని చుట్లు ఉందో లెక్కపెట్టి రాసుకుని తీయండి. పాత ప్యాకింగ్ గీకేసి, స్టీలు స్కేలు నిలువుగా అడుగు మీద పెట్టి వెలుతురులో చూడండి. స్కేలు కింద వెలుగు గీత కనిపించిన చోట ఫీలర్ గేజ్ దూర్చండి. 0.05 మిల్లీమీటర్ల దాకా ప్యాకింగ్ సర్దుకుంటుంది. 0.1 దూరిందంటే చదును చేయాలి. దిమ్మకి రెండు పక్కలా, మానిఫోల్డ్ ముఖానికి కూడా ఇదే కొలత చూడండి. దిమ్మలో బీట ఉంటే కొత్తది కొనండి, అది చౌకే.

చదును ఇంట్లోనే చేసుకోవచ్చు. మందపాటి అద్దం పలక, కనీసం 6 మిల్లీమీటర్లది, దాని మీద 400 నంబర్ వాటర్ పేపర్ పరిచి నీళ్లు చల్లి, కార్బ్ అడుగుని దాని మీద ఇంగ్లిషు 8 అంకె ఆకారంలో తేలిగ్గా రుద్దండి. బరువు వేయొద్దు, చేతి బరువు చాలు. ముందు చెవుల దగ్గరే మెరుపు పోతుంది, నడుమ పాత రంగు అలాగే ఉంటుంది. నడుమ కూడా ఒకే రకం బూడిదరంగు వచ్చిన క్షణాన ఆపండి. అంతకు మించి రుద్దితే అనవసరంగా లోహం పోతుంది. తర్వాత కిరోసిన్‌తో, ఆపైన కార్బ్ క్లీనర్‌తో ప్రతి దారీ కడిగి గాలి కొట్టండి. ఎమరీ పొడి ఒక్క రేణువు లోపల మిగిలినా స్లో జెట్ దగ్గరకే చేరుతుంది.

బిగించేటప్పుడు అన్ని నట్లూ ముందు చేత్తో ఆనించి, తర్వాత పొట్టి పానాతో ఎదురెదురువి పావు చుట్టు చొప్పున. స్ప్రింగు వాషర్ నలిగి చదునైన తర్వాత ఇంకో పావు చుట్టు, అంతే. ఇంజన్ వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి ముట్టుకుని చూడండి.

---

గోదారి_మెకానిక్:

బిగించాక సెట్టింగ్ ఇలా చేయండి. ఏసీ, లైట్లు, ఫ్యాన్ ఆపి, ఇంజన్ పూర్తిగా వేడెక్కనివ్వాలి. రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఉండండి. చోక్ పళ్లెం పూర్తిగా తెరుచుకుందని ఎయిర్ ఫిల్టర్ మూత తీసి కళ్లతో చూడండి. డాష్‌బోర్డు దగ్గర బొత్తాం లోపలికి పోయినా కేబుల్ పట్టేసి పైన పళ్లెం పావు వంతు అడ్డంగా ఉండిపోవడం చాలా మామూలు. చోక్ పళ్లెం నిలువుగా నిలబడాలి.

ఐడ్లింగ్ స్క్రూతో 900 ఆర్‌పీఎం దగ్గర పెట్టండి. మిక్చర్ స్క్రూ పావు చుట్టు చొప్పున బయటికి తీయండి, ఒక్కో పావుకి పది సెకన్లు ఆగండి, ఇంజన్ బదులు చెప్పడానికి ఆ మాత్రం టైం కావాలి. ఆర్‌పీఎం పెరుగుతూ ఒకచోట ఆగుతుంది, ఇంకా తీస్తే చప్పుడు మందంగా మారి పొగ వాసన వస్తుంది. ఆర్‌పీఎం అత్యధికంగా ఉన్న చోటికి వెనక్కి తెచ్చి, అక్కడి నుంచి ఎనిమిదో వంతు చుట్టు లోపలికి. ఐడ్లింగ్ మళ్లీ 900కి దించండి. రెండు మూడు సార్లు ఇలా తిరగాలి, ఒక్కసారిలో కుదరదు. బుల్లెట్ లాంటి బళ్లలో గాలి స్క్రూ ఉంటుంది, అక్కడ లోపలికి తిప్పితే పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఈ కార్బ్‌లో బయటికి తిప్పితే పెరుగుతుంది. ఆ అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ తలకిందులు చేస్తుంటారు.

చెవికి నమ్మకం లేకపోతే పొల్యూషన్ సెంటర్‌కి వెళ్లి మెషీన్ రీడింగ్ చూస్తూ స్క్రూ తిప్పండి. బీఎస్-2 (భారత్ స్టేజ్-2 పొగ నిబంధన)కి ముందటి పెట్రోల్ కార్లకి ఐడ్లింగ్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) పరిమితి 3 శాతం. మీకు 1.5 నుంచి 2.5 మధ్య వస్తే బండి వేడిలోనూ నిలబడుతుంది, సర్టిఫికెట్టూ వస్తుంది. 0.5 కంటే తక్కువ వచ్చి హైడ్రోకార్బన్లు ఎక్కువ చూపితే ఇంకా లీన్ మిస్‌ఫైర్ ఉన్నట్టు, గాలి ఇంకెక్కడో దూరుతోంది.

---

పెట్రోల్_పైపు:

ఇంధనం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నాలుగు మాటలు. 2025 నాటికి దాదాపు ప్రతి బంకులోనూ 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. 1994 కార్బ్ జెట్లు ఇథనాల్ లేని పెట్రోల్‌కి లెక్కగట్టినవి. ఒక పాలు పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిస్తే ఆ లెక్క 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అదే జెట్‌తో బండి సుమారు 8 శాతం లీన్‌గా నడుస్తుంది. మామూలుగా ఇంజన్ ఆ మాత్రం తట్టుకుంటుంది. దొంగగాలి, సగం మూసిన జెట్ తోడైతే తట్టుకోలేక ఆగుతుంది. పాత రోజుల్లో రెండు చుట్ల మీద ఉన్న మిక్చర్ స్క్రూ ఇప్పుడు ఇంకో పావో అరో బయటికి రావాల్సి వస్తే అది లోపం కాదు.

మెయిన్ జెట్ మార్చే తొందర వద్దు. 60 మీద నిలకడగా 10 కిలోమీటర్లు నడిపి, న్యూట్రల్ చేసి, కీ బయటికి లాగకుండా ఇంజన్ మాత్రం ఆఫ్ చేసి, పక్కకి ఆపి ప్లగ్గులు విప్పండి. లేత గోధుమ రంగు ఉంటే ముట్టుకోవద్దు. సున్నంలా తెల్లగా ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు జర్కులు కూడా ఉంటేనే ఒక్క సైజు పెద్దది.

బంకు పెట్రోల్‌లో ఎంత ఇథనాల్ ఉందో చూడాలంటే: గీతలున్న గాజు సిలిండర్లో 90 మిల్లీలీటర్ల పెట్రోల్, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మూత పెట్టి బాగా కుదిపి పది నిమిషాలు ఉంచండి. ఇథనాల్ నీళ్లతో కలిసి కిందికి దిగుతుంది. అడుగు పొర 28 దాకా వస్తే 18 మిల్లీలీటర్లు ఇథనాల్, అంటే 20 శాతం. పొయ్యికి, సిగరెట్టుకి దూరంగా చేయండి, ఆ పెట్రోల్ మళ్లీ ట్యాంకులో పోయొద్దు.

నిలిచిన బండికి అసలు ముప్పు నీళ్లు. ఇథనాల్ గాలిలోని చెమ్మ పీలుస్తుంది. ఓ హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి విడిపోతాయి, పంపు మొదట లాగేది అదే. ఫ్లోట్ గిన్నె అడుగున తెల్లటి పిండి లాంటి పొర కనిపిస్తే ట్యాంకు దించి కడగాలి. ముప్పై ఏళ్ల రబ్బరు పైపులు కూడా మార్చండి. రెండు వేళ్లతో నొక్కి వంచినప్పుడు పైన వెంట్రుకంత పగుళ్లు విచ్చుకున్నా, జిడ్డుగా చేతికి నలుపు అంటినా అది పనికిరాదు. ట్యాంకు నుంచి పంపుకి, పంపు నుంచి కార్బ్‌కి, తిరుగు పైపు, మూడూ ఇథనాల్ తట్టుకునే రకం అడిగి తీసుకోండి. పనిలో పనిగా ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే పంపు డయాఫ్రమ్ చిరిగి ఇంజన్లోకి కారుతోంది, అలా నడపడం ప్రమాదం.

---

పాత800_బెజవాడ:

పని అయింది. కార్బ్ అడుగున నడుమ 0.2 ఫీలర్ సునాయాసంగా దూరింది, ఇంజన్ గోడ వైపే. దిమ్మ, మానిఫోల్డ్ ముఖం బాగున్నాయి. అద్దం మీద రుద్దడానికి 40 నిమిషాలు పట్టింది. నానబెట్టిన స్లో జెట్‌లో ఇప్పుడు చుక్క గుండ్రంగా ఉంది. పైపులు మూడూ మార్చాను, డిప్‌స్టిక్‌లో వాసన లేదు.

మిక్చర్ స్క్రూ ఇప్పుడు పలుకుతోంది. రెండు ముప్పావు చుట్ల మీద కుదిరింది, ఐడ్లింగ్ స్క్రూ ఒకటిన్నరలోపే ఉంది. పొల్యూషన్ మెషీన్‌లో సీఓ 1.9. మధ్యాహ్నం ఎండలో బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో గంట తిప్పినా చోక్ లేకుండా ఒక్కసారి కూడా ఆగలేదు.

ఒకటి మిగిలింది. ఏసీ వేస్తే ఐడ్లింగ్ 900 నుంచి 650కి పడి బండి వణుకుతోంది, ఆగట్లేదు గానీ. ఏసీ కోసం ఐడ్లింగ్ స్క్రూ పెంచాలా?

---

గోదారి_మెకానిక్:

పెంచొద్దు, మళ్లీ పళ్లెం లేచి మొదటికొస్తుంది. ఏసీ వేసినప్పుడు థ్రాటిల్‌ని కొంచెం తెరిచే ఐడిల్ అప్ డయాఫ్రమ్ విడిగా ఉంది, కార్బ్ పక్కన గుండ్రటి డబ్బీ, దాన్నుంచి ఒక కడ్డీ లింకేజీకి. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఏసీ వేయించి ఆ కడ్డీని చూడండి. కదలకపోతే డబ్బీకి వచ్చే పైపు పీకి వేలు పెట్టండి. వేలు లాగితే వాక్యూమ్ వస్తోంది, డయాఫ్రమ్ చిరిగింది. అలాంటప్పుడు డబ్బీ గొట్టాన్ని నోటితో పీల్చి నాలుకతో మూసినా పట్టు నిలవదు. వేలు లాగకపోతే వాక్యూమ్ స్విచ్చి వాల్వ్ తెరుచుకోవట్లేదు. ఏసీ ఆన్‌లో దాని కనెక్టర్‌లో 12 వోల్టులు చూడండి.

కడ్డీ కదులుతూ కూడా ఆర్‌పీఎం చాలకపోతే, కడ్డీ చివరి స్క్రూతో ఏసీ ఆన్‌లో 1000 దాకా తెచ్చుకోండి. కార్బ్ దించి ఎక్కించినప్పుడు ఈ పైపు పక్క గొట్టానికి తొడగడం తరచూ జరుగుతుంది కాబట్టి, విప్పేముందు తీసిన ఫోటోతో ఒకసారి పోల్చి చూడండి.

---

పాత800_బెజవాడ:

ఫోటోతో పోలిస్తే అదే తేలింది గోదారి గారూ. ఐడిల్ అప్ పైపు, డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ పైపు ఒకదానికొకటి మారిపోయాయి. సరిచేశాక ఏసీ వేస్తే 980 దగ్గర నిలుస్తోంది, వణుకు లేదు.